డి డ్రైవ్‌లో ఉన్నది బ్యాకప్ కాదు

ప్రశ్న: మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తాం. సిస్టం 2014లో కొన్నది. ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఈమధ్య ఆన్ అవడానికే చాలాసేపు పడుతోంది, అప్పుడప్పుడు లోపల టక్ టక్‌మని చప్పుడు వస్తోంది. మా ఊళ్లో రిపేర్లు చేసే అబ్బాయి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి, ఫార్మాట్ కొట్టి విండోస్ 11 ఎక్కిస్తానంటున్నాడు. ఒక్క సాయంత్రంలో అయిపోతుందట. పేజ్‌మేకర్ సీడీ ఎక్కడుందో మాకు తెలీదు. టాలీ లెక్కలు కూడా ఇందులోనే ఉన్నాయి. మావారేమో "అన్నీ డి డ్రైవ్‌లో కూడా ఉన్నాయి, ఏం కాదులే" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. చదువుకుంటున్న మా అమ్మాయి కూడా తన ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించమంటోంది. దానికీ ఇవే జాగ్రత్తలా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ టెన్షన్‌లో అర్థం ఉంది. మీవారి ధీమాలో లేదు. తెర మీద సి, డి అని రెండు డ్రైవ్‌లు కనిపిస్తాయి గానీ మీ సీపీయూ డబ్బాలో ఉన్న హార్డ్ డిస్క్ ఒక్కటే. కొన్నరోజున షాపువాళ్లు దాన్నే రెండు భాగాలు చేసి ఇచ్చి ఉంటారు. ఒకే బీరువాలో పై అరలో ఒక కాపీ, కింది అరలో ఇంకో కాపీ పెట్టుకున్నట్టు అన్నమాట. బీరువా పోతే రెండూ పోతాయి. డి డ్రైవ్ వల్ల లాభమే లేదని కాదు. విండోస్ పాడై సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేయాల్సి వచ్చినప్పుడు డి లో ఉన్నవి మిగులుతాయి, మనవాళ్లకు ఆ నమ్మకం అలా వచ్చిందే. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇక్కడ జబ్బు విండోస్‌ది కాదు, డిస్కుదే.

హార్డ్ డిస్కులో తిరిగే పళ్లేల మీద చిన్న మీట లాంటిది అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. చదవలేని చోటు వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. టక్ టక్ చప్పుడు చాలాసార్లు దానిదే, సిస్టం ఆన్ అవడానికి అంతసేపు పట్టడానికీ అదే కారణం కావచ్చు. ఇలాంటి డిస్కు ఇంకో ఏడాది పనిచేయవచ్చు, రేపు పొద్దున్నే లేవకపోనూ వచ్చు. అందుకని ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల మీదే దాచుకునే కొత్త రకం డిస్కు), ర్యామ్, విండోస్ సంగతి పక్కన పెట్టి ముందు మీ పని బయటికి తెచ్చుకోండి. కాపీ పూర్తయ్యేవరకు దాని మీద చెక్ డిస్క్ నడపొద్దు, డీఫ్రాగ్ చేయొద్దు, "స్పీడు పెంచే" సాఫ్ట్‌వేర్లేవీ ఎక్కించొద్దు. ఇవన్నీ డిస్కు మొత్తాన్ని తిప్పి తిప్పి చదివిస్తాయి. ఊపిరి ఆడనిదాన్ని పరుగెత్తించకూడదు.

1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి, తెలిసిన షాపులో, బిల్లుతో కొనండి. ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు "2 టీబీ పెన్‌డ్రైవ్" అని దొరికేవాటి జోలికి పోకండి. అందులో ఉండేది చాలా చిన్న చిప్. కంప్యూటర్‌కు 2 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి అమ్ముతారు. కాపీ అయినట్టే కనిపిస్తుంది, ఫైళ్ల పేర్లు కూడా ఉంటాయి, తెరిస్తే ఏమీ ఉండదు. మీరు కొన్న అసలు 1 టీబీ డిస్కు మాత్రం 931 జీబీ అని చూపిస్తే కంగారుపడకండి, మోసమేమీ జరగలేదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే.

దాన్ని సీపీయూ వెనక వైపు నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులో పెట్టండి. నలుపు పోర్టులో అయితే సెకనుకు 30 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది, 250 జీబీకి రెండు గంటలు దాటుతుంది. నీలం దాంట్లో మంచి డిస్కైతే గంట లోపే అయిపోతుంది. మీ పాత డిస్కు ఎంత వేగం ఇస్తుందో దాని ఓపికను బట్టి ఉంటుంది. డి డ్రైవ్ మొత్తం సెలెక్ట్ చేసి ఒకేసారి కాపీ కొట్టకండి. మధ్యలో ఎక్కడో ఒక ఫైలు దగ్గర ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగిపోతాయి. ఫోల్డర్ తర్వాత ఫోల్డర్, విలువైనవి ముందు. డెలివరీ ఇవ్వాల్సిన ఆర్డర్లు, టాలీ, ఏటా వచ్చే ఖాతాదారుల డిజైన్లు, ఆ తర్వాత మిగతావి. ఏదైనా ఫైలు రాకపోతే స్కిప్ కొట్టి ముందుకెళ్లండి.

మీ పనికి సంబంధించి రెండు విషయాలు కాస్త వివరంగా చెప్పాలి. మామూలు కంప్యూటర్ సలహాల్లో ఇవి ఉండవు.

మొదటిది ఫొటోలు. పేజ్‌మేకర్ ఫైలులో మీరు పెట్టిన పెద్ద బొమ్మలు ఆ ఫైలులో ఉండకపోవచ్చు. ఎక్కడో ఉన్న బొమ్మ చిరునామా మాత్రమే అందులో ఉంటుంది. వినాయకుడి బొమ్మ ఒక ఫోల్డర్‌లో, వధూవరుల ఫొటో వాట్సాప్ నుంచి దిగిన డౌన్‌లోడ్స్‌లో, బోర్డర్ డెస్క్‌టాప్ మీద ఉంటాయి. మీరు శుభలేఖ ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే రేపు వేరే సిస్టంలో ఆ బొమ్మలు ఎక్కడున్నాయని అది మిమ్మల్నే అడుగుతుంది. అందుకని డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ నాలుగూ పూర్తిగా కాపీ కావాలి. ముఖ్యమైన డిజైన్లకైతే పేజ్‌మేకర్‌లో సేవ్ యాజ్ నొక్కినప్పుడు వచ్చే డబ్బాలో కాపీ అనే చోట "ఆల్ లింక్డ్ ఫైల్స్" ఎంచుకోండి. కొత్త ఫోల్డర్‌లోకి ఫైలుతో పాటు దానికి సంబంధించిన బొమ్మలన్నీ వచ్చి చేరతాయి.

రెండోది ఫాంట్లు. అను ఫాంట్లతో చేసిన ఫైలులో ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, నెట్‌లో కనిపించే మామూలు తెలుగు, కాదు. ఆ ఫాంటు సిస్టంలో లేకపోతే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, చదివి చూపించే ఫాంటు లేదంతే. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అని ఉంటుంది. అందులోంచి మీరు వాడే తెలుగు ఫాంట్లన్నీ కాపీ చేసుకోండి. కీబోర్డు పనిచేయించే అను సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు, సెటప్ ఫైలు ఎక్కడున్నాయో వెతికి పెట్టుకోండి. దానికి యూఎస్‌బీ లాక్ (తగిలించి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న ముక్క) ఉంటే అది ఎక్కడుందో షాపులో అందరికీ తెలియాలి. పెన్‌డ్రైవ్ అనుకుని పిల్లలు తీసుకుపోయిన సందర్భాలు విన్నాను. ఇక పూర్తయిపోయిన పనులన్నిటికీ పీడీఎఫ్ ఒకటి చేసి ఉంచుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటే ఏ సిస్టంలోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దానికి కొత్త వెర్షన్ తేలేదు. ఏదో ఒకరోజు అది తెరుచుకోని సిస్టం మీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు పీడీఎఫ్ ఉంటే కనీసం మళ్లీ ప్రింటు తీసి ఇవ్వగలుగుతారు.

టాలీలో బ్యాకప్ కోసం వేరే ఆప్షన్ ఉంది, దాన్నే వాడండి. బ్యాకప్ అయిన ఫైలును ఎక్స్‌టర్నల్‌లోకి తెచ్చుకోండి. పనిలో పనిగా టాలీ డేటా ఫోల్డర్ మొత్తం కూడా కాపీ చేసి పెట్టుకుంటే పోయేదేం లేదు. ఆ ఫోల్డర్ దారి టాలీలోనే కనిపిస్తుంది. టాలీ సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన ఈమెయిల్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. డిస్కు మార్చే ముందు లైసెన్స్ సరెండర్ చేయాలి, మార్చాక మళ్లీ యాక్టివేట్ చేయాలి. అలా చేయకుండా పాత డిస్కు పీకేస్తే ఆ లైసెన్స్ ఇంకా పాత సిస్టంలోనే ఉందని వాళ్ల సర్వర్ అనుకుంటుంది. జీఎస్టీ రిటర్ను గడువు రోజున ఆ తలనొప్పి పడలేరు.

కాపీ అయిందని ఊరుకోకండి, చూడండి. పాత ఫోల్డర్ మీద, కొత్త ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో లేదో పోల్చండి. తర్వాత ఆ ఎక్స్‌టర్నల్‌ను మీ అమ్మాయి ల్యాప్‌టాప్‌కు పెట్టి, అన్నిటికంటే పాతవి కొన్ని, అన్నిటికంటే పెద్దవి కొన్ని తెరిచి చూడండి. పేజ్‌మేకర్ ఫైళ్లు అక్కడ తెరుచుకోవు. వాటిని పక్క డీటీపీ షాపులో తెరిచి చూడొచ్చు. పోటీదారైనా ఈ సాయం చేస్తారు, వాళ్లకూ ఈ అవసరం వస్తుంది కదా. ఒక్క ఫైలైనా వేరే సిస్టంలో తెరిచి చూసేదాకా మీ దగ్గర బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు.

ఆ చూడటం అయిన వెంటనే ఎక్స్‌టర్నల్‌ను పీకి ఇంటికి తీసుకెళ్లండి. ఎప్పుడూ సిస్టంకే తగిలించి ఉంచేవాళ్లు చాలామంది. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటివి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతాయి. ఆ సమయంలో సిస్టంకు తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్లకు కూడా తాళం పడుతుంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట్లో అనే లెక్కను పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. మీలాగే బొమ్మల మీద బతికేవాడే. మీకు ఆ మూడోది గూగుల్ డ్రైవ్ కావచ్చు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, ఫొటోలు కూడా ఉంటాయి కాబట్టి అన్నీ పట్టవు. టాలీ బ్యాకప్, పీడీఎఫ్‌లు, ఫాంట్లు పెట్టుకుంటే చాలు. సింక్ అయ్యే ఫోల్డర్‌లో మాత్రం ఒక జాగ్రత్త. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఇప్పుడు రిపేరు అబ్బాయి సంగతి. ఎస్‌ఎస్‌డీ వేయించమనడం నూటికి నూరుపాళ్లు మంచి సలహా. ఫార్మాట్ కొడతాననడమే బాగాలేదు. పాత డిస్కును ఫార్మాట్ చేయాల్సిన అవసరమే లేదు! విప్పి, దాని మీద తేదీ రాసిన కాగితం అంటించి, కవర్లో పెట్టి మీ చేతికి ఇవ్వమనండి. కొన్ని నెలలపాటు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మీరు ఏ ఫోల్డర్ కాపీ చేయడం మరిచిపోయినా అందులో ఉంటుంది. "ఎక్స్‌ట్రా స్టోరేజీకి పనికొస్తుంది, లోపలే ఉంచేద్దాం" అంటాడు. టక్ టక్ మనేదాన్ని స్టోరేజీకి వాడటమేంటి? వద్దనండి.

పేజ్‌మేకర్ సీడీ లేదన్నారు కాబట్టి కొత్తగా విండోస్ ఎక్కించడం కంటే క్లోనింగ్ మీకు మేలు. అంటే పాత డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా, విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులతో సహా ఎస్‌ఎస్‌డీ మీదికి దించడం. ముందు పాత డిస్కు ఆరోగ్యం చూడమనండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నీలం రంగులో గుడ్ అని వస్తే క్లోన్ హాయిగా అవుతుంది. పసుపు రంగులో కాషన్ అని వస్తే మధ్యలో ఆగవచ్చు. అప్పుడు కొత్తగా విండోస్ ఎక్కించి పేజ్‌మేకర్ కోసం వేరే దారి చూసుకోక తప్పదు. ఏదైనా సరే, మీ ఫైళ్లు అప్పటికే బయట ఉంటాయి కాబట్టి భయం లేదు.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు 480 జీబీది తీసుకోకండి. మీ పాతది 500 జీబీ. పెద్దదాన్ని చిన్నదాంట్లోకి దించాలంటే ముందు పాత డిస్కులో భాగాలు కుదించాలి, జబ్బుపడిన డిస్కు మీద ఆ పని చేయించకూడదు. 512 జీబీ గానీ 1 టీబీ గానీ తీసుకోండి. మీ సిస్టంకు సాటా రకం, అంటే రెండున్నర అంగుళాల డబ్బా ఆకారంలో ఉండేదే అడగండి. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండేవి వేరే, నాలుగో తరం బోర్డుల మీద సాధారణంగా వాటికి చోటుండదు.

క్లోనింగ్‌లో ప్రమాదం ఒకే ఒక్క తెర దగ్గర ఉంది. ఏ డిస్కు నుంచి, ఏ డిస్కులోకి అని అడిగే తెర. డిస్క్ 0, డిస్క్ 1 అని ఉంటాయి, తిరగేసి నొక్కితే ఖాళీ ఎస్‌ఎస్‌డీని మీ పాత డిస్కు మీదికి దించుతుంది. నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియోలో అచ్చం ఇదే జరిగింది. రెండు డిస్కులూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. పని చేసినతను అనుభవం ఉన్నవాడే, ఫోన్ మాట్లాడుతూ నొక్కేశాడు. రెండు పెళ్లిళ్ల ఫొటోలు పోయాయి. అందుకని ఆ తెర వచ్చినప్పుడు మీరు పక్కన నిలబడండి. పాత డిస్కు మీద, ఎస్‌ఎస్‌డీ మీద అంటించి ఉన్న మోడల్ నంబర్లు ముందే కాగితం మీద రాసుకుని, తెర మీద ఉన్నవాటితో పోల్చాకే నొక్కమనండి. అబ్బాయి నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడకండి. క్లోన్ నడుస్తున్నప్పుడు యూపీఎస్ పనిచేస్తూ ఉండాలి. మీ యూపీఎస్ బ్యాటరీ కరెంటు పోయిన రెండు నిమిషాలకే చచ్చిపోయే రకమైతే కోత లేని వేళ చూసుకోండి.

డబ్బా తెరిచేటప్పుడు చూడాల్సినవి అబ్బాయికి తెలిసే ఉంటాయి, అయినా మీ కళ్లు కూడా ఉండనివ్వండి. సిస్టం షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్చాపి, యూపీఎస్ నుంచి కూడా ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. చిప్పులు ముట్టుకునే ముందు డబ్బా ఇనప రేకును ఒకసారి తాకాలి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ఇన్నేళ్ల దుమ్ము ఎలాగూ ఉంటుంది, బ్రష్‌తో దులిపించండి. నోటితో ఊదొద్దని చెప్పండి, తడి పడుతుంది.

ఇంకొకటి. ఇన్నేళ్ల మదర్‌బోర్డు కాబట్టి దాని మీద గుండ్రటి బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032 అంటారు, అయిపోయి ఉండొచ్చు. కరెంటు తీసి పెట్టినప్పుడల్లా తేదీ ఏ పదేళ్లో వెనక్కి పోతుంటే, నెట్‌లో సైట్లు సెక్యూరిటీ ఎర్రర్ చూపిస్తుంటే కారణం అదే. ఎటూ డబ్బా తెరిచారు కాబట్టి మార్పించేయండి, ఖరీదు చాలా తక్కువ. అయితే బ్యాటరీ తీయగానే బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగిపోతాయి. అందులో సాటా మోడ్ అనేది మారిపోతే విండోస్ నీలం తెర దగ్గరే ఆగిపోతుంది, ఎస్‌ఎస్‌డీ పాడైందని అందరూ దాని మీద పడతారు. ముందే బయాస్ తెరలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి.

ర్యామ్ అదే రోజు వేయించకండి. ఒకేసారి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ మార్చి, తర్వాత సిస్టం తిక్కగా ప్రవర్తిస్తే దేన్ని అనాలి? పైగా ర్యామ్‌లో లోపం ఉంటే దాని గుండా వెళ్లే ఫైళ్లు చెప్పాపెట్టకుండా చెడిపోతాయి. క్లోన్ చేసేది పాత, నమ్మకమైన ర్యామ్‌తోనే. ఎస్‌ఎస్‌డీతో ఒక వారం పని చేసి, ప్రింటర్, టాలీ, పేజ్‌మేకర్ అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాక ర్యామ్ వేయండి. మీకు కావలసింది డెస్క్‌టాప్ డీడీఆర్ 3. డీడీఆర్ 4 పట్టదు, మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది, నొక్కి ఎక్కించబోతే స్లాటు విరుగుతుంది. డీడీఆర్ 3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండే దొరుకుతుంది. అందుకని వేసిన వెంటనే విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ నడిపి, తప్పులేవీ రాకపోతేనే డబ్బులివ్వండి.

ఇక విండోస్ 11. మీ సిస్టంలో వద్దు. మైక్రోసాఫ్ట్ లెక్కలో ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే దానికి అర్హత, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. మీ నాలుగో తరానికి ఆ అర్హత లేదు, ఆ చిప్ కూడా సాధారణంగా ఉండదు. అడ్డదారిలో ఎక్కించవచ్చు, అబ్బాయి అదే చేయబోతున్నాడు. కానీ అలా ఎక్కించిన సిస్టంకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పైగా విండోస్ 11 పూర్తిగా 64 బిట్. మీ పాత ప్రింటర్‌కో, అను లాక్‌కో 32 బిట్ డ్రైవరే ఉంటే అవి అక్కడ పనిచేయవు.

ఇప్పుడు మీ సిస్టంలో ఉన్నది విండోస్ 10 అయితే, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత కంప్యూటర్ల కోసం పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఉన్నాయి. విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమని అడిగే లింకు కనిపిస్తే చేరండి. దానికి 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. తేదీలు పక్కన పెట్టి నా అభిప్రాయం చెబుతాను. ఈ సిస్టంను ఇకమీదట డిజైన్ బల్లగానే ఉంచండి. పేజ్‌మేకర్, ప్రింటర్ దీనికి. నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పోర్టల్, టాలీ కొత్త సిస్టం కొన్నప్పుడు అటు మార్చండి. అప్పటిదాకా బ్యాంకు పనులు ఫోన్‌లోనో అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనో చేసుకోండి. ఇంత పాత బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ, ఆ ర్యామ్ ముక్క మించి ఖర్చు పెట్టడం నాకు దండగనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ అయితే రేపు కొత్త సిస్టంలోకి తీసుకుపోవచ్చు.

మీ విండోస్, పేజ్‌మేకర్ ఎక్కడి నుంచి వచ్చాయో నేను అడగను. కానీ ఇకమీదట ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా "ముందు డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆపేయండి" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. కాపలావాడిని బయటికి పంపి లోపలికి వచ్చేవాడు ఎందుకొస్తున్నాడో ఆలోచించండి. ఉచిత సాఫ్ట్‌వేర్లు వెతికేటప్పుడు గూగుల్‌లో పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. అసలు కంపెనీ సైటు కింద ఉంటుంది. డ్రైవర్లు కూడా అంతే, ప్రింటర్ కంపెనీ సైటు నుంచే తెచ్చుకుని ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఏదైనా ఎక్కించే ముందు రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టండి. అది ఫైళ్ల బ్యాకప్ కాదు, సెట్టింగులు వెనక్కి తిప్పుకోవడానికి మాత్రమే. అసలు కంపెనీ నుంచి వచ్చే పెద్ద అప్‌డేట్‌కు ముందు కూడా ఎక్స్‌టర్నల్‌లోకి కాపీ తీసుకోవాలి. 2018 అక్టోబరులో విండోస్ 10కు వచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫైళ్లను తుడిచేసింది, మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్ని రోజుల్లోనే ఆపాల్సి వచ్చింది.

ఎప్పుడు చేయించాలంటే, ఫైళ్ల కాపీ ఈ రోజే, మిగతావి ముహూర్తాలు లేని రోజుల్లో. మూఢం వస్తే మీకు ఎలాగూ చేతినిండా ఖాళీ ఉంటుంది. అబ్బాయికి ఒక్క సాయంత్రం కాదు, రెండు రోజులు ఇవ్వండి, మజూరీ ఇంకొంచెం ఎక్కువిస్తే పోయేదేం లేదు.

మీ అమ్మాయి ల్యాప్‌టాప్ వేరే కథ. అందులో విండోస్ 11 ఉంటే డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేని తాళం, ఆన్ అయి ఉండొచ్చు, తనకు తెలియకుండానే. ర్యామ్ మార్చినంతమాత్రాన మామూలుగా ఏమీ అడగదు గానీ, సర్వీసు సెంటర్లో బయాస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే అందులోని ఫైళ్లు ఎవరూ తీయలేరు. ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోమనండి. ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే ఉపయోగం లేదు. ప్రాజెక్టు ఫైళ్లు తనూ ఎక్స్‌టర్నల్‌లోకి కాపీ చేసుకోవాలి. వారంటీ ఉంటే కంపెనీ సర్వీసువాళ్లను అడిగాకే మూత విప్పాలి.

అన్నిటికంటే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిచి చూడమనండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికించి ఉందని అర్థం, ఖాళీ స్లాటు వేరే ఉంటే తప్ప పెంచడం కుదరదు. ఎస్‌ఓడీఐఎంఎం (స్లాటులో తీసి పెట్టగలిగే రకం) అని ఉండి, స్లాట్స్ యూజ్డ్ ఒకటి ఆఫ్ రెండు అని ఉంటే హాయిగా ఇంకోటి వేయించవచ్చు. తన పనులన్నీ తెరిచి ఉంచినప్పుడు కూడా మెమరీ వాడకం సగం దగ్గరే తిరుగుతుంటే నెమ్మదితనానికి కారణం ర్యామ్ కాదు. అప్పుడు ఆ డబ్బుతో తనకూ ఒక ఎక్స్‌టర్నల్ కొనివ్వండి.